నూనె అమ్మిన డబ్బు ముందు ఎవరికి?



మన ‘గృహనిర్వాహకత్వము’ శీర్షికకు వచ్చే ఉత్తరాలలో ఎక్కువభాగం పిల్లల చదువుల గురించి, అత్తాకోడళ్ల మాటల గురించి ఉంటాయి. పోయిన నెల పల్నాడు వైపు నుంచి ఒక సహోదరి రాసిన ఉత్తరం వేరే రకం. పిల్లవాడి నోటుబుక్కులోంచి చింపిన కాగితం. రెండు వైపులా రాసి, చోటు చాలక అంచుల్లో కూడా రాసింది. పేరూ ఊరూ వేయవద్దని వేడుకుంది కనుక వేయడం లేదు. సంగతి మాత్రం ఇది.

ఆమె భర్త రెండెకరాలు కౌలుకు తీసుకుని మిరప వేస్తాడు. 2021 చివర్లో నల్ల తామర పురుగు పూతలో చేరి తోటలకు తోటలు పోయాయి, మీకు గుర్తుండే ఉంటుంది. వాళ్ల అప్పు ఆ ఏడాది మొదలైంది. పురుగుమందుల కొట్టులో ఖాతా, ఊళ్లో ఒకాయన దగ్గర మూడు రూపాయల వడ్డీకి ప్రోనోటు. ఇవి భర్త ఆమెకు చెప్పాడు. ఆమె భర్తకు చెప్పనివి రెండున్నాయి. అబ్బాయి కాలేజీ ఫీజుకు తన చెవి కమ్మలు తాకట్టు పెట్టింది. అది చాలక గ్రూపులో ఇంకొకావిడ పేరు మీద అప్పు తీయించుకుని తను వాడుకుంది. కమ్మలేవీ అని భర్త అడిగితే పెట్టెలో ఉన్నాయని చెప్పిందట. చివర్లో ఆమె అడిగిన ప్రశ్న: దశమభాగము ఇవ్వకపోతే శాపము వస్తుందని సంఘములో చెబుతున్నారు, ఇస్తే అప్పులవాడు గుమ్మం ఎక్కుతున్నాడు, నేను ముందు ఎవరికి ఇవ్వాలి అయ్యగారూ అని.

ఉత్తరం రెండుసార్లు చదివి నా భార్యకిచ్చాను. ఆమె చదివి, మడిచి, నా బల్ల మీద పెట్టి, “మీ సంగతి రాయకుండా ఈవిడకు జవాబు రాయకండి” అన్నది. అందుచేత ముందు నా సంగతి.

2009లో మా చెల్లెలి పెళ్లికి నేను 50,000 రూపాయలు మూడు రూపాయల వడ్డీకి ప్రోనోటు రాసి తెచ్చాను. మా నాన్న అప్పటికే ప్రభువునందు నిద్రించాడు. అన్నగా నా బాధ్యత అనుకున్నాను. నాకు పెళ్లయి మూడేళ్లు. నా భార్యకు చెప్పలేదు. ఆమె వద్దంటుందని నాకు తెలుసు, అందుకే చెప్పలేదు. వేరే కారణం ఏమీ లేదు. సంఘము ఇచ్చే జీతం, కోతల కాలంలో విశ్వాసులు తెచ్చే ధాన్యం, ఇంతే నా రాబడి. వడ్డీ సంగతి తర్వాత చూసుకుందాంలే అయ్యగారూ అన్నాడు అప్పిచ్చినాయన. ఆ మర్యాదే నన్ను ముంచింది.

మూడేళ్లు నిండితే ప్రోనోటుకు కాలదోషం పడుతుంది కదా. అందుకని 2012 నవంబరులో ఆయన నోటు తిరగరాయమన్నాడు. 50,000కు నెలకు 1,500 చొప్పున 36 నెలల వడ్డీ 54,000. అసలుతో కలిపి 1,04,000కు సంతకం చేశాను. ఆరోజు నా చేతికి ఒక్క రూపాయి రాలేదు. మొత్తం పెద్దదైంది గనుక ఇకమీదట వడ్డీ నెలనెలా కట్టాలన్నాడు. నెలకు 3,120. అప్పటి నా జీతంలో దాదాపు సగం. రెండు నెలలు కట్టలేకపోయాను.

2013 జనవరిలో మా సంఘములో కోత పండుగ. ఆరాధన ముగిసి అందరూ భోజనాలకు కూర్చున్నారు. వేపచెట్టు కింద ఒకతను చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. అప్పిచ్చినాయన గుమాస్తా. నా భార్య అతన్ని కొత్త విశ్వాసి అనుకుంది. మంచినీళ్లిచ్చి, విస్తరి వేసి, “ప్రార్థన చేయించుకోవడానికి వచ్చారా అన్నా?” అని అడిగింది. అతను చాలా సిగ్గుపడి, “లేదమ్మగారూ, అయ్యగారితో చిన్న పనుండి” అన్నాడు. నేను దూరం నుంచి చూస్తున్నాను. పదడుగులు నడిచి వెళ్లడానికి నాకు కాళ్లు రాలేదు.

ఆరోజు నేను చేసిన ప్రసంగం సారెపతు విధవరాలి మీద.

ఆ రాత్రి నా భార్య ఏడవలేదు, తిట్టలేదు. పిల్లవాడి పాత నోటుబుక్కు తెచ్చి, వెనక నుంచి తిప్పి, “రాయండి. అన్నీ రాయండి” అన్నది. నేను రాశాను. నాది అయ్యాక ఆమె ఆ పుస్తకం తన వైపు తిప్పుకుని రెండు పద్దులు తనూ రాసింది. కిరాణా కొట్టులో 6,000. పాపకు జ్వరం వచ్చినప్పుడు పెద్దమ్మ కూతురి దగ్గర తెచ్చిన 4,000. నాకు తెలియదు. ఒకే గదిలో, ఒకే కుటుంబ ప్రార్థనలో, ఒకరికొకరం తెలియకుండా ఇద్దరం అప్పుల్లో ఉన్నాం.

పుట్టింటివారు పెట్టిన గొలుసు తీసి ఇచ్చింది. తాకట్టు పెడదామన్నాను. “వద్దు, దానికి ఇంకో వడ్డీ. అమ్మేద్దాం” అన్నది. వచ్చిన 71,000 పైచిలుకులో రెండు నెలల వడ్డీ 6,240 కట్టి, అసలులో 65,000 చెల్లు వేయించాం. మిగిలిన 39,000కు ఆయన తనంతట తానే వడ్డీ రూపాయిన్నరకు తగ్గించాడు. ఒక్కసారి అంత మొత్తం వస్తుందని ఆయన అనుకోలేదు. నెలకు 2,200 చొప్పున 21 నెలలు కట్టాం. ఆ గొలుసు మళ్లీ చేయించలేకపోయాను.

ఇంకొక మాట ఇంతవరకు ఎవరికీ చెప్పనిది. ఆ 21 నెలలు మేము కానుక సంచిలో వేసింది దశమభాగము కాదు. చాలా తక్కువ. ఆదివారం పుల్పిటు మీద నిలబడి దశమభాగము గురించి మాట్లాడవలసి వచ్చినప్పుడల్లా వేరే వాక్యము తీసుకునేవాణ్ణి. సంఘ పెద్దలకు చెప్పి ఉండవలసింది. చెప్పలేదు. ఇది చదివి మా సంఘస్థులు నన్ను అడిగితే జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను.

ఇప్పుడు వాక్యము దగ్గరకు వద్దాం.

సారెపతు విధవరాలి సంగతి మనకందరికీ తెలుసు (1 రాజులు 17). కొంచెం పిండి, కొంచెం నూనె ఉన్న ఆ తల్లిని ఏలీయా ముందుగా తనకొక చిన్న అప్పం చేసి తెమ్మన్నాడు. కానుకల కాలం వస్తే మన బోధకులం అందరం ఆ ఇంటికే వెళతాం. కొన్ని పేజీలు తిప్పితే ఇంకో విధవరాలి ఇల్లుంది (2 రాజులు 4). ఆ గుమ్మం మనం ఎక్కువగా తొక్కం. ఆమె భర్త ప్రవక్తల శిష్యులలో ఒకడు, భక్తిగలవాడు. అంటే అది సేవకుడి ఇల్లు. భక్తిగానే బ్రతికాడు, అప్పు మిగిల్చి చనిపోయాడు. అప్పులవాడు ఇద్దరు కొడుకులను దాసులుగా పట్టుకుపోవడానికి వచ్చి కూర్చున్నాడు. ఎలీషా ఇంట్లో ఏమున్నదని అడిగాడు. నూనె కుండ ఒకటే ఉన్నది. పాత్రలు ఎరవు తెచ్చి, తలుపు మూసుకుని, కొడుకులు పాత్రలు అందిస్తుంటే ఆమె నూనె పోసింది. పాత్రలన్నీ నిండాయి.

అంతటి అద్భుతము జరిగిన తర్వాత దైవజనుడు ఏమి చెప్పాడో చూడండి. నూనె అమ్మమన్నాడు, అప్పు తీర్చమన్నాడు, మిగిలినదానితో తల్లీ కొడుకులు బ్రతకమన్నాడు. ఇదీ వరుస. తనకు ఒక్క గరిటెడు నూనె అడగలేదు. కృతజ్ఞత కానుక అనలేదు. ఇరవై ఏళ్లకు పైగా సేవలో ఉండి, ఈ సంగతి నేను గమనించింది మా ఇంట్లో గొలుసు అమ్మిన తర్వాతనే.

సారెపతు ఇంటి గుమ్మంలో అప్పులవాడు లేడు, ఇక్కడ ఉన్నాడు. నాకు కనిపిస్తున్న తేడా అది. కనుక ఆ సహోదరికి నా జవాబు: అమ్మా, ముందు అప్పు తీర్చండి.

దీనికి కొందరు తోటి సేవకులు ఒప్పుకోరని నాకు తెలుసు. మలాకీ 3వ అధ్యాయము చూపిస్తారు. నేనూ చూపించాను, ఎన్నోసార్లు. అయితే ప్రభువే బలిపీఠము దగ్గర నిలబడినవాని గురించి చెప్పిన మాట కూడా చూడాలి (మత్తయి 5:23, 24). సహోదరునికి నీ మీద ఏదైనా ఉన్నదని జ్ఞాపకం వస్తే అర్పణ అక్కడే విడిచి, ముందు వెళ్లి అతనితో సమాధానపడమన్నాడు. అప్పిచ్చినవానికంటే మన మీద ఎక్కువ ఉన్నవాడు ఎవడు? తల్లిదండ్రులకు చెందవలసినది కొర్బాను అని చెప్పి తప్పించుకునేవారిని ప్రభువు గద్దించాడు (మార్కు 7). రెండు కాసులు వేసిన విధవరాలిని మెచ్చుకున్నాడు, నిజమే. అవి ఆమె సొంత కాసులు, మూడు రూపాయల వడ్డీకి తెచ్చినవి కావు. అదే అధ్యాయములో ఆ కాసుల సంగతికి ముందే విధవరాండ్ర ఇండ్లు దిగమింగే శాస్త్రుల మాట ఉన్నది (మార్కు 12:40). ఆ రెండు మాటలు పక్కపక్కన ఎందుకున్నాయో మా సేవకులం ఆలోచించుకోవాలి. అప్పు తీరేవరకు మీకు కలిగినదానిలో కొంచెం ఇవ్వండి, సంతోషంగా ఇవ్వండి. సిగ్గుతోనో భయంతోనో అప్పు తెచ్చి మాత్రం ఇవ్వకండి.

కోత పండుగ నాడు ఇచ్చినవారి పేర్లు, మొత్తాలు మైకులో చదివే అలవాటు మా సంఘములో ఉండేది. 2015లో మానేశాం. మొదటి ఏడాది కానుకలు తగ్గాయి. పెద్దలు నన్ను గట్టిగానే అడిగారు. ఆ తర్వాత ఏడాది ఒక తల్లి వచ్చి, ఇంతకుముందు ప్రతి పండుగకూ పేరు చదువుతారని వెయ్యి రూపాయలు బదులు తెచ్చేదాన్నని చెప్పింది. ఆ సంగతి పెద్దల ముందు పెట్టాను. మళ్లీ ఎవరూ మైకు మాట ఎత్తలేదు.

అప్పు తీర్చాలంటే ముందు అప్పు ఎంతో తెలియాలి. ఇది వింతగా ఉంటుంది గాని, నేను చూసిన కుటుంబాలలో భార్యాభర్తలిద్దరికీ మొత్తం అప్పు తెలిసిన ఇల్లు ఒకటీ అరా. విధవరాలు తలుపు మూసుకుని కొడుకులతో కలిసి నూనె పోసినట్టు, ఒక రాత్రి తలుపు మూసుకుని కూర్చోండి. ఎదిగిన పిల్లలుంటే వాళ్లనూ కూర్చోబెట్టండి. ఎవరికి, ఎంత, ఏ వడ్డీకి, ఎప్పుడు తెచ్చారు, ఏమి తాకట్టులో ఉంది, ఎవరు జామీను, అన్నీ ఒక కాగితం మీదికి రావాలి. అన్నం దగ్గర వద్దు. ఆయన తాగి వచ్చిన రోజు అసలే వద్దు.

ప్రతి అప్పు పక్కన ఏడాది వడ్డీ రాయండి. రూపాయి వడ్డీ అంటే ఏడాదికి నూటికి 12. రెండు రూపాయలంటే 24, మూడంటే 36, అయిదంటే 60. రూపాయి, రెండు, మూడు అని నెల లెక్కలో అనుకుంటాం గనుక మనకు చిన్నదిగా వినిపిస్తుంది. నా 1,04,000 నోటును అలాగే ఇంకో మూడేళ్లు వదిలి ఉంటే 1,12,320 వడ్డీ చేరి 2015 చివరికి 2,16,320 అయ్యేది. తెచ్చింది 50,000. నెహెమ్యా కాలంలో కరవు వచ్చి జనం పొలాలు, ద్రాక్షతోటలు, ఇండ్లు కుదువపెట్టి ధాన్యం తెచ్చుకున్నారు, పిల్లలను దాసులుగా పంపారు. నెహెమ్యా బహుగా కోపించి, అప్పిచ్చిన ప్రధానులతో పొలాలు తిరిగి ఇప్పించి, పుచ్చుకుంటున్న నూరవ భాగము కూడా వదిలివేయమన్నాడు (నెహెమ్యా 5). ఆ నూరవ భాగము నెలకు అని చాలామంది వ్యాఖ్యాతలు చెబుతారు. అదే అయితే మన లెక్కలో రూపాయి వడ్డీ! రూపాయి వడ్డీకే నెహెమ్యా సమాజమును కూర్చాడు. మన సంఘములలో మూడు రూపాయలకు, అయిదు రూపాయలకు తిప్పేవారు ముందు వరుసలో కూర్చుని ప్రభువు బల్లలో పాల్గొంటున్నారు. వారికి చెప్పవలసింది వేరే నెల చెబుతాను.

కాగితం రాశాక ముందు కూలివాళ్ల బాకీ తీర్చండి. కోత కోసినవాడికి, మిరపకాయలు ఏరిన తల్లికి బాకీ ఉంటే ఆ డబ్బు మనది కాదు. పొద్దు గుంకకముందే కూలి ఇవ్వమన్నాడు దేవుడు (ద్వితీయోపదేశకాండము 24:15). తర్వాత వడ్డీ ఎక్కువున్న బాకీని పట్టుకోండి. దాన్ని తక్కువ వడ్డీకి మార్చగలిగితే మార్చండి. అమ్మదగినది ఏదైనా ఉంటే అమ్మండి. నూటికి 36 వడ్డీ కడుతూ బీరువాలో బంగారం ఉంచుకోవడం లెక్క రాకపోవడమే. కట్టిన ప్రతిసారీ నోటు వెనక చెల్లు రాయించుకోండి. అంతా తీరాక నోటు చేతికి తీసుకోండి. చించేశాంలే అంటే నమ్మకండి, చించిన ముక్కలైనా అడగండి. ఖాళీ ప్రోనోటు మీద, ఖాళీ చెక్కు మీద సంతకం చేయకండి. చెక్కు చెల్లకపోతే అది క్రిమినల్ కేసు, రెండేళ్ల వరకు శిక్ష పడవచ్చు.

తక్కువ వడ్డీ ఎక్కడుంది అంటారు. పట్టా ఉన్న రైతుకు 3 లక్షల వరకు పంట రుణం ఏడాదికి నూటికి 7కు వస్తుంది, గడువులోగా తీర్చినవారికి 3 తగ్గి నూటికి 4 పడుతుంది. బ్యాంకులోనూ, మన ఊరి సహకార సొసైటీలోనూ ఇస్తారు. 4 ఎక్కడ, 36 ఎక్కడ! ఆ సహోదరి భర్త వంటి కౌలు రైతుకు అది అందడం కష్టం. 2011లో కౌలు రైతులకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం తెచ్చారు, 2019లో ఆంధ్రప్రదేశ్‌లో ఇంకో చట్టం తెచ్చారు. ఆ రెండోదానిలో భూమి యజమాని సంతకం కావలసి వచ్చింది. భూమి పోతుందన్న భయంతో యజమానులు సంతకం పెట్టరు. మన సంఘములలో భూమి గలవారున్నారు. ఆదివారం పక్కన కూర్చుని పాట పాడే కౌలుదారుడికి సోమవారం సంతకం పెట్టరు.

సొసైటీ అంటే ఇప్పుడు మనకు రాజకీయాలు, ఎరువుల బస్తాల వరుస గుర్తుకొస్తాయి. దాని పుట్టుక అలాంటిది కాదు, మన పాఠకులకు తెలియాలి. జర్మనీలో ఫ్రెడరిక్ విల్హెల్మ్ రైఫైజెన్ అనే ఒక ప్రొటెస్టంటు విశ్వాసి ఉండేవాడు. చిన్న గ్రామాల మీద మేయరు. 1846, 47 చలికాలంలో కరవు వచ్చినప్పుడు కలిగినవారిని పోగుచేసి, పొయ్యి కట్టించి, పేదలకు రొట్టెలు అప్పు మీద ఇప్పించాడు. తర్వాత ధనవంతుల చందాలతో వడ్డీవ్యాపారుల చేతుల్లో చిక్కిన రైతులకు సాయం చేసే సంఘం పెట్టాడు. కొన్నేళ్లకు ధనవంతుల ఉత్సాహం చల్లారింది. దానం మీద ఆధారపడితే నిలవదని ఆయనకు అర్థమైంది. 1864లో హెడ్డెస్‌డార్ఫ్ అనే ఊళ్లో అప్పు తీసుకునేవాళ్లే సభ్యులుగా, ఒకరికొకరు పూర్తి పూచీగా పరపతి సంఘం ఏర్పాటు చేశాడు. సంఘం పరిధి చిన్నది, ఒక చర్చి పరిధి అంత. అందరికీ అందరూ తెలిసి ఉండాలన్నది ఆయన నియమం. తర్వాత ఆయన చూపు బాగా పోయింది, కూతురు చదివి వినిపిస్తూ రాతపనిలో సాయపడేది. 1890లలో మద్రాసు ప్రభుత్వం రైతుల అప్పుల సంగతి చూడమని ఫ్రెడరిక్ నికల్సన్ అనే అధికారిని నియమిస్తే, ఆయన 1895లో, 1897లో రెండు సంపుటాల నివేదిక ఇచ్చి రైఫైజెన్ పద్ధతినే సిఫారసు చేశాడు. 1904లో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. మన ఊరి సొసైటీకి మూలం ఆ చట్టం.

సామెతల గ్రంథము జామీను ఉండవద్దని హెచ్చరిస్తుంది కదా (సామెతలు 6), రైఫైజెన్ అందరినీ ఒకరికొకరు జామీను ఉంచాడేమిటని మా వేదాంత కళాశాలలో నేను ఒకసారి వాదించాను. ఇప్పుడు నాకు తోచేది ఇది. తొందరపడి, ఎవరో ఎందుకో తెలియకుండా మాటిచ్చి చిక్కుకునేవాణ్ణి ఆ సామెత హెచ్చరిస్తున్నది. పక్కింటివాడు గేదె కొంటున్నాడని తెలిసి, ఆ గేదెను రోజూ చూస్తూ పూచీ ఉండడం వేరు. మన స్త్రీల పొదుపు సంఘాలలో మంచివి అలాగే నడుస్తున్నాయి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు సారా మాన్పించాక, ఆ జిల్లాలో రోజుకొక రూపాయి చొప్పున పొదుపు చేయడం మొదలుపెట్టారు. దాచుకోవడం ముందు వచ్చింది, అప్పు తర్వాత వచ్చింది. ఆ వరుస తిరగబడి, దాచుకోకుండానే ఇంటికి వచ్చి అప్పులిచ్చి వారంవారం వసూలు చేసే కంపెనీలు వచ్చినప్పుడు ఏమైందో 2010లో చూశాం. ఆత్మహత్యలు జరిగి, ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. మళ్లీ 2020లో సెల్‌ఫోన్ యాప్‌ల అప్పులు. వారం రోజులకు అప్పిచ్చి, కట్టకపోతే ఫోనులో ఉన్న నంబర్లందరికీ పరువు తీసే మెసేజీలు పంపారు. ఆ డిసెంబరులో హైదరాబాదులో పోలీసులు అరెస్టులు చేశారు. మీ అబ్బాయి ఫోనులో అలాంటిది ఉందేమో అడగండి. కోప్పడకుండా అడగండి.

పెళ్లిళ్ల గురించి రెండు మాటలే రాస్తాను, ఎక్కువ రాస్తే నాకే సిగ్గు. కట్నం 1961 నుంచి చట్టరీత్యా నేరం. మేము సంఘములో పెళ్లి ప్రకటన మూడు ఆదివారాలు చదువుతాం, ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పమంటాం. ఆ మూడు వారాలలోనే ఆడపిల్ల తండ్రి ప్రోనోటు రాస్తుంటాడు. నేను రాసింది కూడా ఆ మూడు వారాలలోనే.

మన తాతలలో చాలామంది తీసుకున్న అప్పు కింద పాలేర్లుగా ఉన్నవారు. తండ్రి చేసిన పదిహేను రూపాయల బాకీకి మా తాత పన్నెండేళ్ల వయసులో ఒక ఆసామి పశువుల దగ్గర చేరాడని మా నాయనమ్మ చెప్పేది. అది ఎప్పటికి తీరిందో ఆమెకూ తెలియదు. 1976 చట్టం వెట్టిచాకిరిని, దాని కింద ఉన్న బాకీలను రద్దు చేసింది. ఆ విధవరాలి కొడుకుల కథ చదివినప్పుడు నాకు మా తాతే కనిపిస్తాడు. అటువంటి ఇళ్లలోంచి వచ్చిన మనం, పిల్లలు చదువుకుని ఉద్యోగాలు చేస్తున్న ఈ రోజుల్లో, మళ్లీ ఇష్టపడి మెడ వంచుతున్నాం.

ఇక ప్రియ సహోదరీ, మీకు. కమ్మల సంగతి మీ ఆయనకు చెప్పండి. ఎవరి పేరు మీద అప్పు తీశారో ఆ సహోదరి పేరు కూడా చెప్పండి. మీరు కట్టకపోతే ఆమె ఇంటికి వస్తారు, అది ఆమె తప్పు కాదు. ఒంటరిగా చెప్పడానికి భయమైతే మీ సంఘ కాపరి భార్యనో, స్త్రీల సమాజములో పెద్దావిడనో వెంట కూర్చోబెట్టుకోండి. మీ ఆయన కోప్పడతాడు. నా భార్య కోప్పడకపోవడం నా భాగ్యము, అందరికీ అలా జరుగుతుందని చెప్పలేను. కోపం దిగాక ఇద్దరూ కలిసి పురుగుమందుల కొట్టుకు వెళ్లండి. దాక్కోకుండా ఎదురు వెళ్లి, నెలకు ఇంత కట్టగలం అని చెప్పేవాణ్ణి షావుకారు అంత తొందరగా కోర్టుకు లాగడు.

ఒకటి జాగ్రత్త. అప్పు లెక్క అంతా కాగితం మీద చూసిన రోజు మగవాడికి చాలా చెడ్డ రోజు. మా సంఘములో 2017లో ఒక సహోదరుణ్ణి మేము అలా పోగొట్టుకున్నాం, ఆయన సమాధి కార్యక్రమం నేనే జరిపించాను. ఆయన పెట్టి వెళ్లిన అప్పు ఒకటిన్నర ఎకరం అమ్మితే తీరేది. కనుక మీ ఆయన మాట్లాడటం తగ్గించినా, అన్నం దగ్గర నుంచి లేచిపోయినా, ఒక్కడినే వదలకండి. ఇంట్లో పురుగుమందు డబ్బాలుంటే ఆ వారం వేరే వాళ్లింట్లో పెట్టించండి. ఏ అర్ధరాత్రైనా మీ కాపరిని లేపండి. లేవడానికే మేమున్నది.

మీ ఉత్తరానికి విడిగా కూడా జవాబు రాసి పోస్టు చేశాను. అందులో నా భార్య కూడా నాలుగు వాక్యాలు రాసి కవరు అంటించింది. ఏమి రాసిందో నన్ను చదవనివ్వలేదు.

వడ్డీకి ఇచ్చే విశ్వాసుల గురించి రాయమని ఇదివరకే ఇద్దరు అడిగారు. ప్రభువు చిత్తమైతే వచ్చే నెల రాస్తాను.